రాజు కనిపించని నగరాలు: సింధు లోయలో ఊళ్లను ఎవరు నడిపారు?

బడిలో అడిగిన ఒక రెండు మార్కుల ప్రశ్న చాలామందికి గుర్తుండే ఉంటుంది: తొలి నాగరికతలు నదుల ఒడ్డునే ఎందుకు పుట్టాయి? జవాబు కంఠతా వచ్చు. తాగునీరు, సాగునీరు, ఒండ్రు నేల, పడవ ప్రయాణం. ఆ జవాబులో తప్పు లేదు గానీ అది సగం జవాబే. గోదావరికీ కృష్ణకూ నీళ్లకు కొదవా, ఒండ్రుకు కొదవా? మొహెంజొదారోలో కాల్చిన ఇటుకతో ఇళ్లు లేచిన కాలంలో కృష్ణా పరీవాహక ప్రాంతంలో మనుషులు పశువుల మందలను మేపుకుంటూ బతికారు. దొడ్లలో పేరుకున్న పేడను తగలబెట్టగా మిగిలిన బూడిద దిబ్బలు పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులోనూ అనంతపురం వైపు పాలవాయిలోనూ ఇప్పటికీ ఆనవాళ్లుగా ఉన్నాయి. కృష్ణ ఒడ్డున ధాన్యకటకం లాంటి పట్టణం రావడానికి ఇంకా సుమారు రెండు వేల ఏళ్లు పట్టింది. అంటే నీళ్లూ నేలా ఉన్నంత మాత్రాన నగరం లేవదు. మనుషులు ఏదో ఒక పద్ధతిలో కూడాలి.

ఆ పద్ధతి ఏమిటన్న చర్చ ఈమధ్య మళ్లీ వేడెక్కింది. సింధు నాగరికత సంగతిని పురావస్తు శాఖాధిపతి జాన్ మార్షల్ లోకానికి ప్రకటించి 2024 సెప్టెంబరు 20కి నూరేళ్లు నిండాయి. అదే ఏడాది ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి కొత్త పుస్తకం దానికి ‘సింధు-సరస్వతి’ అన్న పేరు వాడింది. 2025 జనవరిలో అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ఇంకా ఎవరికీ అంతుపట్టని సింధు లిపిని చదివినవారికి పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించారు. అప్పటినుంచి ఫోన్లలో రకరకాల సందేశాలు తిరుగుతున్నాయి. కొన్నింటిలో హరప్పా మహాసామ్రాజ్యం, కొన్నింటిలో రాజే లేని సమసమాజం. రెండూ ఒకే తవ్వకాల నుంచి ఎలా వచ్చాయో అర్థం కావాలంటే మొదలు నుంచి చూడాలి.

ముందుగా నాలుగు మాటల అర్థం

పురావస్తు శాస్త్రవేత్త ‘నాగరికత’ అన్నప్పుడు మర్యాద, మన్నన అన్న అర్థంలో అనడు. నగరాలు, చేతివృత్తుల్లో ఆరితేరినవాళ్లు, దూరప్రాంతాలతో వర్తకం, లెక్కలు గుర్తుపెట్టుకునే ఏదో ఒక సాధనం ఉన్న సమాజం అని మాత్రమే దాని అర్థం. ‘నగరం’ అంటే తన తిండి తాను పండించుకోనివాళ్లు పెద్ద సంఖ్యలో ఒకచోట ఉండే ఊరు. వాళ్లకు తిండి బయటి పల్లెల నుంచి రావాలి.

చిక్కంతా మిగిలిన రెండు మాటలతోనే. ‘రాజ్యం’ అంటే బంధుత్వం లేనివారి నుంచి కూడా పన్నో శ్రమో రాబట్టగలిగిన, మాట వినకపోతే వినిపించగలిగిన స్థిరమైన ఏర్పాటు. ‘రాజు’ అలాంటి ఏర్పాటుకు ఉండగల రూపాల్లో ఒకడు. ఒక సభ నడిపినా, పది పెద్ద కుటుంబాలు కలిసి నడిపినా అది రాజ్యమే కావచ్చు. మన భాషలో రాజ్యం అన్న మాటలోనే రాజు కూర్చుని ఉండటంతో ఈ రెండూ కలిసిపోతాయి. ఇంటర్నెట్‌లో జరిగే వాదాల్లో సగం ఈ ఒక్క తికమక నుంచి పుట్టినవే.

మూడు నదులు, మూడు రకాల వరదలు

నదులన్నీ ఒకటి కావు. రైతుకు ముఖ్యం వరద ఎంత వచ్చిందన్నది ఒక్కటే కాదు, ఏ నెలలో వచ్చిందన్నది కూడా.

ఈజిప్టులో నైలు నది వేసవిలో పొంగి, శరదృతువులో తీస్తుంది. తడి ఆరని ఒండ్రులో విత్తనం చల్లితే చలికాలం పంట చేతికి వస్తుంది. వరదే దుక్కీ, ఎరువూ. మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, కథ తలకిందులు. అక్కడ టైగ్రిస్, యూఫ్రటీస్ పర్వతాల మంచు కరిగి వసంతంలో పొంగుతాయి. అప్పటికి బార్లీ కోతకు వచ్చి ఉంటుంది. విత్తనాలు వేసే శరత్కాలంలోనేమో నదిలో నీరు అడుగంటుతుంది. కావలసినప్పుడు రాదు, వద్దన్నప్పుడు ముంచుతుంది. అందుకే అక్కడ గట్లు, కాలువలు, మళ్లింపులు తప్పలేదు.

సింధు ఈ విషయంలో నైలుకు దగ్గర. మంచు కరిగిన నీరూ రుతుపవనాల నీరూ కలిసి ఎండాకాలం చివర నుంచి వర్షాకాలం దాకా పొంగుతుంది. వరద తీశాక గోధుమ, బార్లీ వేసి వసంతంలో కోసుకోవచ్చు. గోదావరి లంకల్లో కొత్తగా మేట వేసిన ఒండ్రు మీద విత్తనం వేసే రైతుకు ఈ పద్ధతిని ఎవరూ వివరించనక్కర్లేదు.

అయితే సింధు నాగరికతను ‘నదీలోయ’ అన్న చట్రంలో పూర్తిగా ఇరికించలేం. సుమారు పది లక్షల చదరపు కిలోమీటర్లలో వెయ్యికి పైగా స్థలాలు బయటపడ్డాయి. కచ్‌లోని ధోలావీరా దగ్గర పెద్ద నదే లేదు. వాన పడినప్పుడు మాత్రమే పారే మాన్సర్, మన్హర్ అనే రెండు వాగులకు అడ్డుకట్టలు వేసి, రాతిని తొలిచి, నగరం చుట్టూ వరుసగా చెరువులు కట్టారు. గుజరాత్ ప్రాంతంలో చిరుధాన్యాలు ఎక్కువ, పంజాబ్‌లో గోధుమ, బార్లీ ఎక్కువ. ఒకే నాగరికత అంటున్నాం గానీ అన్నం గిన్నెలో ఉన్నది అన్నిచోట్లా ఒకటి కాదు.

కాలువలు తవ్వించినవాడే రాజయ్యాడా?

ఒకప్పుడు బాగా ప్రచారంలో ఉన్న సిద్ధాంతం ఇది. పెద్ద కాలువ తవ్వాలంటే వేలమంది కూలీలు కావాలి, వాళ్లను నడపడానికి అధికారులు కావాలి, అధికారుల పైన ఒక నిరంకుశుడు కావాలి. కాబట్టి సాగునీటి అవసరమే రాజును పుట్టించిందని 1950లలో కార్ల్ విట్‌ఫోగెల్ వాదించాడు. వినడానికి ఇంపుగా ఉంటుంది. పరీక్షలో రాయడానికీ తేలిక.

తవ్వకాలు దీన్ని బలపరచలేదు. దక్షిణ ఇరాక్‌లో పాత కాలువల జాడలను పరిశీలించిన రాబర్ట్ ఆడమ్స్ తొలి కాలువలు చిన్నవని, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తామే తవ్వుకోగలిగినంతవని చూపాడు. భారీ కాలువలు రాజులు స్థిరపడ్డాక వచ్చాయి. అంటే కారణం అనుకున్నది నిజానికి ఫలితం. ఈజిప్టు ఇంకా పెద్ద చిక్కు. అక్కడ మడులు కట్టి వరద నీటిని నిలబెట్టే పని ఎక్కువగా స్థానికంగానే సాగింది. అయినా క్రీ.పూ. 3100 ప్రాంతానికే దేశమంతటికీ ఒకే రాజు, మరో అయిదారు వందల ఏళ్లకు గీజా పిరమిడ్. సాగునీటికి కేంద్ర అధికారం అంతగా అవసరం లేనిచోట అత్యంత బలమైన రాజు వచ్చాడంటే ఆ సిద్ధాంతం కుంటుతున్నట్టే. నీటిని పంచడం కంటే మిగులు ధాన్యాన్ని పోగేసి పంచడం దగ్గర అధికారం ఎక్కువగా కనిపిస్తుంది.

అక్కడ లెక్కలు రాసినవాళ్లు ఉన్నారు

దీనికి ఒక చిన్న లెక్క చూద్దాం. మెసొపొటేమియాలో క్రీ.పూ. 21వ శతాబ్దపు ‘ఊర్’ నగర రాజ్యంలో పనిచేసే మగవారికి నెలకు సాధారణంగా 60 సిలాల బార్లీ, ఆడవారికి 30 సిలాలు ఇచ్చేవారు. సిలా అంటే దాదాపు ఒక లీటరు. నేతశాలలో వంద మంది ఆడవాళ్లు, మట్టిపనిలో వంద మంది మగవాళ్లు ఉంటే నెలకు 9,000 లీటర్ల బార్లీ కావాలి. ఎవరికి ఇచ్చారు, ఎవరికి బాకీ ఉన్నారు, ఎవరు పనికి రాలేదు, ఇవన్నీ నోటి లెక్కలో నిలవవు. మట్టి పలకల మీద మేకు ఆకారపు రాతలు ఇలాంటి అవసరంలోంచే వచ్చాయి. ఉరుక్ నగరంలో దొరికిన తొలి పలకల్లో అత్యధికం లెక్కలే. కవిత్వం చాలా ఆలస్యంగా వచ్చింది. (గుమాస్తా ముందు, కవి తర్వాత అన్న సంగతి సాహిత్యాభిమానులకు అంతగా రుచించదు.)

ఈజిప్టులోనూ అంతే. ఎర్రసముద్రం ఒడ్డున వాది అల్ జర్ఫ్‌లో 2013లో దొరికిన పపైరస్ చుట్టల్లో మెరెర్ అనే అధికారి దినచర్య ఉంది. తూరా గనుల నుంచి సున్నపురాతిని పడవల్లో గీజాకు తన బృందం ఎలా చేరవేసిందో రోజువారీగా రాసుకున్నాడు. గీజాలో ఖూఫూ రాజు పిరమిడ్ కడుతున్న కాలం అది. ఈ రెండుచోట్లా రాజు, ఆలయం, గుమాస్తా ముగ్గురూ మనకు పేర్లతో సహా తెలుసు. ఊర్‌లో లియొనార్డ్ వూలీ తవ్విన రాచ సమాధుల్లో ఒకదానిలో 74 మంది పరివారం పడి ఉన్నారు. అధికారం అంటే ఏమిటో ఆ గుంట చెప్పినంత గట్టిగా మరేదీ చెప్పదు.

సింధులో దొరకనివి

ఇక సింధు నగరాలకు వద్దాం. క్రీ.పూ. 2600 నుంచి 1900 వరకు అవి పూర్తిగా ఎదిగిన దశ. మొహెంజొదారోలో జనం 40 వేల దాకా ఉండవచ్చని ఒక అంచనా. అంత పెద్ద ఊళ్లో ఇది రాజభవనం అని అందరూ ఒప్పుకునే కట్టడం లేదు. నిస్సందేహంగా గుడి అనదగ్గది లేదు. హరప్పా శ్మశానంలో కుండలు, శంఖు గాజులు, కొద్దిపాటి పూసలు ఉన్నాయి, బంగారు నిధులు లేవు. శత్రువును జుట్టు పట్టి మోదుతున్న రాజు బొమ్మ ఈజిప్టులో మామూలు విషయం. సింధు కళలో అలాంటిది దొరకలేదు.

మరి ‘పూజారి రాజు’ బొమ్మ సంగతి? గడ్డం, నుదుటి పట్టీ, మూడాకుల పూల శాలువాతో ఉన్న ఆ ప్రతిమ ఎత్తు 17.5 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. అతను పూజారనీ రాజనీ చెప్పే ఆధారం ఆ రాతిలో ఏమీ లేదు. మెసొపొటేమియాను మనసులో పెట్టుకుని చూసినవారు ఆ పేరు పెట్టారు. మొహెంజొదారో పడమటి దిబ్బను ‘కోట’ అనడం, మహాస్నానవాటిక పక్క కట్టడాన్ని ‘ధాన్యాగారం’ అనడం కూడా ఇలాంటివే. ఆ ధాన్యాగారంలో ధాన్యం ఆనవాళ్లు దొరకలేదు. పేరు ఒకసారి అతుక్కుంటే ఊడదు.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. మొహెంజొదారోలో తవ్వింది చిన్న భాగమే. నీటిమట్టం పైకి రావడంతో అడుగు పొరలకు వెళ్లడం కుదరలేదు. పడమటి దిబ్బ నెత్తిన తర్వాతి కాలపు స్తూపం ఉండటంతో దాని కింద ఏముందో చూడలేదు. కనబడలేదు అన్నదానికీ లేదు అన్నదానికీ తేడా ఉంది.

దొరికినవి: అయిదు రాళ్లతో 31 తూకాలు

రాజు లేకపోతే అస్తవ్యస్తంగా ఉండాలి కదా అనుకుంటే పొరపాటు. సింధు నగరాల్లో అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది వాటి క్రమం. అందుకు నా దృష్టిలో అందరూ మెచ్చే స్నానవాటిక కంటే మంచి సాక్ష్యం తూకం రాళ్లు.

చెకుముకి జాతి రాయిని నున్నగా అరగదీసి ఘనాకారంలో చేసినవి. వాటి మీద రాత లేదు, గుర్తు లేదు. చిన్నది గ్రాముకు కాస్త తక్కువ. దాన్ని ఒకటి అనుకుంటే తర్వాతివి 2, 4, 8, 16, 32, 64 రెట్లు. ఎక్కువగా దొరికేది పదహారు రెట్ల రాయి, సుమారు 13.7 గ్రాములు, మన తులం కంటే కొంచెం ఎక్కువ. ఆ పైన పెద్ద తూకాలు 160, 200, 320, 640 అంటూ పదుల లెక్కలోకి మారతాయి.

రెట్టింపుల పద్ధతి ఎందుకు? 1, 2, 4, 8, 16 అనే అయిదు రాళ్లు చేతిలో ఉంటే 1 నుంచి 31 దాకా ఏ తూకమైనా వేయవచ్చు. 21 కావాలా, 16, 4, 1 తక్కెడలో వేయండి. 11 కావాలా, 8, 2, 1. పెద్ద మూట మోయనక్కర్లేని వర్తకుడికి ఇంతకంటే ఏం కావాలి? పైగా రాయి అరిగిందో మోసం ఉందో తేల్చడం తేలిక: రెండు ఎనిమిదులు ఒక పదహారుతో సరితూగాలి. రూపాయికి పదహారు అణాలు లెక్కపెట్టిన తరం మన ఇళ్లలో ఇంకా ఉంది. సగం, పావు, బేడ, అణా అని సగాలు చేసుకుంటూ పోవడం ఎంత సహజమో వాళ్లను అడిగితే చెబుతారు.

ఈ కొలత హరప్పాలో ఉన్నట్టే సుమారు 600 కిలోమీటర్ల దూరంలోని మొహెంజొదారోలోనూ, గుజరాత్‌లోని లోథల్‌లోనూ ఉంది. సముద్రం దాటి బహ్రెయిన్‌లోనూ ఈ రాళ్లు దొరికాయి. ఇటుకలకూ ఇలాంటి కట్టుబాటే: మందం ఒక వంతైతే వెడల్పు రెండు, పొడవు నాలుగు వంతులు. ఇలా ఉంటేనే అడ్డంగా పెట్టిన రెండు ఇటుకలు నిలువుగా పెట్టిన ఒక ఇటుకకు సరిపోతాయి, గోడ కలిసివస్తుంది.

ముద్రలు మూడో సాక్ష్యం. బలపపు రాతి పలక, సుమారు అంగుళం చదరం, మీద ఒంటికొమ్ము జంతువు, పైన నాలుగైదు గుర్తులు, వెనక తాడు దూర్చుకోవడానికి బొడిపె. సరుకు మూటకు తాడు కట్టి, ముడి మీద తడి మట్టి మెత్తి, దానిపై ముద్ర నొక్కేవారు. లోథల్ గోదాము తగలబడినప్పుడు అలాంటి మట్టి ముద్రలు కాలి గట్టిపడ్డాయి. వాటి వెనక గుడ్డ నేత, తాడు పురి ఇప్పటికీ కనిపిస్తాయి. మొహెంజొదారోలో రాయిలా గట్టిపడే ప్రత్యేకమైన మట్టి గాజులను కాల్చేటప్పుడు కూడా వాటిని మట్టి పెట్టెలో పెట్టి, మూత మీద ఒంటికొమ్ము ముద్ర వేసి బట్టీలోకి పంపారు. మధ్యలో ఎవరూ తెరవకూడదన్నమాట. ఆ గాజుల తయారీ మీద ఎవరి కన్నో ఉంది. ఆ కన్ను ఎవరిదన్నదే ప్రశ్న.

ఎవరు నడిపారు? పోటీ పడుతున్న వాదాలు

మొదటి తరం పరిశోధకుల్లో మోర్టిమర్ వీలర్, స్టువర్ట్ పిగాట్ లాంటివారికి జవాబు తేలికైంది: హరప్పా, మొహెంజొదారో జంట రాజధానులుగా పూజారి రాజులు ఏలిన సామ్రాజ్యం. అప్పటికి తెలిసిన పెద్ద నగరాలు ఆ రెండే. తర్వాత ధోలావీరా, రాఖీగఢీ, గన్వేరీవాలా బయటపడ్డాక ‘జంట’ అన్న మాటకు అర్థం పోయింది.

ఇప్పటి వాదాల్లో ఒక కొసన షిరీన్ రత్నాగర్ ఉన్నారు. ఇంత విశాల ప్రదేశంలో ఒకే తూకం, ఒకే ముద్ర పద్ధతి, దూరదేశ వర్తకం, కొండంత ఇటుక వేదికలు బలమైన రాజ్యం లేకుండా సాధ్యం కావని ఆమె వాదన. మరో కొసన గ్రెగరీ పొసెల్. ఇది మనకు తెలిసిన అర్థంలో రాజ్యమే కాదని, సభల వంటివాటితో నడిచిన వేరే తరహా సమాజమని ఆయన భావించారు. 2020లో ఆడమ్ గ్రీన్ ఇంకో అడుగు ముందుకేసి, పాలక వర్గం ఉన్నట్టు సాక్ష్యం నూరేళ్ల తవ్వకాల్లో రాలేదు గనుక ఉందనుకోవడం మానేద్దామని, పెద్ద ఎత్తున కలిసి పనిచేయడానికి పై అధికారి తప్పనిసరి కాదని రాశారు. మాసిమో విదాలె దీనికి ఎదురు దిశలో, మొహెంజొదారోలోని ఒక ఇళ్ల సముదాయాన్ని మళ్లీ పరిశీలించి అది సంపన్నుల భవనమేనన్నారు.

హరప్పాలో దశాబ్దాలు తవ్విన జొనాథన్ మార్క్ కెనోయర్ మధ్యలో నిలబడతారు. ఆయన చిత్రంలో ప్రతి నగరమూ దాదాపు స్వతంత్రం. లోపల వర్తకులు, భూస్వాములు, క్రతువులు నడిపేవారు పోటీ పడుతూ, సర్దుకుంటూ అధికారం పంచుకున్నారు. ముద్రల మీది వేర్వేరు జంతువులు వేర్వేరు వర్గాల చిహ్నాలు కావచ్చు. నాకు ఇది తక్కిన వాటికంటే నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. వర్తకం కోసం ఒకే కొలతను ఒప్పుకోవడానికి ఒకే ప్రభువు అక్కర్లేదు. మధ్యయుగంలో అయ్యావోలు వర్తక సంఘం దక్షిణాదిలో ఎన్నో రాజ్యాల సరిహద్దులు దాటి తన కట్టుబాట్లతోనే వ్యాపారం చేసింది. అయితే ఆ సంఘం చుట్టూ రాజులు ఉన్నారు, కాబట్టి పోలికను ఎక్కువ దూరం లాగకూడదు.

రాజు కనబడలేదంటే అందరూ సమానులని కాదు. మొహెంజొదారోలో విశాలమైన నడవా, సొంత బావి ఉన్న ఇళ్లున్నాయి, ఒకటి రెండు గదుల కొట్లూ ఉన్నాయి. కార్నీలియన్ అనే ఎర్రరాతితో చేసిన పొడవాటి పూసకు బెజ్జం వేయడాన్ని కెనోయర్ ప్రయోగం చేసి చూశారు: గంటకు రెండున్నర మిల్లీమీటర్లు. పది సెంటీమీటర్ల పూసకు తొలవడమే 40 గంటలు. అలాంటి పూసల మొలనూలు కట్టుకున్నవారూ, అది తొలిచినవారూ ఒకే తరగతి అనుకోవడం కష్టం. హోదా సమాధిలోకి వెళ్లలేదంతే. పూసలు వారసులకు మిగిలాయి కాబోలు.

లిపి, పేరు: వార్తల్లోని రెండు గొడవలు

లిపి చదవగలిగితే ఇదంతా తేలిపోతుందా? ఐరావతం మహదేవన్ 1977లో 417 గుర్తులను లెక్కగట్టారు. ఒక్కో రాతలో సగటున అయిదు గుర్తులే. ఇంత పొట్టి రాతల్లో పేర్లో, పదవులో, సరుకులో ఉంటాయి గానీ శాసనాలు, చరిత్రలు పట్టవు. చేప గుర్తును ‘మీన్’ అని చదివి, తమిళంలో ఆ మాటకు నక్షత్రమనీ అర్థం ఉంది గనుక ఇది ద్రావిడ భాష అని మహదేవన్, ఆస్కో పార్పోలా వాదించారు. బలూచిస్తాన్‌లో నేటికీ బ్రాహుయీ అనే ద్రావిడ భాష ఉండటం వారికి ఒక ఊతం. 2004లో ఫార్మర్, స్ప్రోట్, విట్జెల్ ఇది అసలు భాషా లిపే కాదన్నారు. 2009లో రాజేశ్ రావు బృందం గుర్తుల వరుసలో భాషకు ఉండే తరహా క్రమం ఉందని గణితంతో చూపింది. తెలుగూ ద్రావిడ భాషే గనుక మనకు ఒక పక్షం మీద మొగ్గు ఉండటం సహజం. అయినా రెండు లిపుల్లో ఒకే రాత ఉన్న శిల దొరికేదాకా రుజువైనట్టు కాదు. సింధు వాసులను ‘మెలుహ్హా’ వారిగా మెసొపొటేమియావాళ్లు ఎరుగుదురని ఎక్కువమంది అంగీకరిస్తారు. ఆ భాషకు దుబాసీగా పనిచేసిన షు-ఇలిషు అనేవాడి ముద్ర పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అలాంటివాడు రాసిపెట్టిన పలక ఎక్కడైనా ఉందేమో.

పేరు సంగతికొస్తే, చాలా స్థలాలు ఘగ్గర్-హాక్రా అనే ఎండిన నదీమార్గం వెంట ఉన్నాయి. వేదాల్లోని సరస్వతి ఇదేనన్నవారు ఆ పేరు చేర్చాలంటారు. నాగరికత నాటికి అది నిండుగా పారిందా అన్నదే తగువు. సట్లెజ్ ఆ దారిని దాదాపు 8,000 ఏళ్ల కిందటే వదిలేసిందని 2017లో ఒక అధ్యయనం, సుమారు 4,500 ఏళ్ల కిందటి వరకూ ఏడాది పొడవునా నీరు పారిందని 2019లో మరో అధ్యయనం చెప్పాయి. పాలన ఎలా సాగిందన్న మన ప్రశ్నకు మాత్రం ఏ పేరు పెట్టినా జవాబు మారదు.

మురుగు కాలువలో దొరికే జవాబు

మొహెంజొదారోలో 700కు పైగా బావులు ఉండి ఉంటాయని లెక్క. సగటున మూడిళ్లకు ఒకటి. బావి ఇంటివారి సొంత వ్యవహారం. తవ్వుకున్నవాడు తోడుకుంటాడు, పక్కింటివాడిని అడగనక్కర్లేదు. కానీ స్నానాల గది నుంచి బయటికొచ్చిన నీరు వీధి కాలువలో పడాలి. ఇరవై ఇళ్లున్న సందును ఊహించుకోండి. కాలువకు మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా వాలు ఉండాలి. నాలుగో ఇంటివాడు అరుగు ముందుకు జరిపినా, పదో ఇంటివాడు చెత్త పోసినా పైన ఉన్నవాళ్లందరి గడపల్లోకి నీరు ఎదురు తన్నుతుంది. వీధి మట్టం పెరిగినప్పుడల్లా కాలువ గోడల మీద కొత్త ఇటుకల వరుసలు పేర్చారు. మధ్యమధ్య మడ్డి దిగే గుంటలున్నాయి, కాలువ మీద తీసి పెట్టుకోగల ఇటుక మూతలున్నాయి. ఎవరో మూత తీశారు, మడ్డి ఎత్తారు, మళ్లీ మూశారు. తరాల పాటు.

క్రీ.పూ. 1900 ప్రాంతానికి వచ్చేసరికి వానలు తగ్గి, నదులు దారి మారి, పశ్చిమ దేశాలతో వర్తకం సన్నగిల్లింది. ఆర్యుల దండయాత్రలో జనం ఊచకోతకు గురయ్యారన్న వీలర్ కథను 1964లో జార్జ్ డేల్స్ పూర్వపక్షం చేశారు. అందుకు సాక్ష్యంగా చూపిన మొహెంజొదారో అస్థిపంజరాలు ఒకే కాలానివి కావు. జనం చచ్చిపోలేదు, తూర్పుకూ గుజరాత్‌కూ చెదిరి చిన్న పల్లెల్లో స్థిరపడ్డారు. గోధుమ, పశువులు, కుమ్మరి చక్రం వారితోపాటే వెళ్లాయి. ముద్రలు, లిపి, ఘనాకారపు తూకం రాళ్లు మాత్రం దాదాపు ఒకే కాలంలో వాడుకలోంచి పోయాయి.

మొహెంజొదారో చివరి పొరల్లో పెద్ద ఇళ్లను అడ్డగోడలతో ఇరుకు గదులుగా చీల్చుకున్నారు. కుమ్మరి బట్టీలు వీధి మధ్యకు వచ్చాయి. కాలువలు పూడిపోయి ఉన్నాయి, ఎవరూ మూత తీయలేదు.